గరుసు దారికి తగిన సైకిలు

అనంతపురం పీఠభూమి మీద పని ఉండి సైకిలు తొక్కేవాళ్లకు దారి అంటే చాలాచోట్ల తారు రోడ్డు కాదు. ఊరి నుంచి చేనికి పోయే బండ్ల బాట, చెరువు కట్ట, ఎండిపోయిన వంక, గుట్ట అంచున గరుసు నేల మీద పడిన కాలిదారి. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డుకుంటాయి. తూర్పు తీరం దూరం కావడంతో ఈశాన్య రుతుపవనాల వాన కూడా ఇక్కడికి వచ్చేసరికి పలచబడిపోతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పడే ఆ కొద్దిపాటి వానకు నేల ఎక్కువ భాగం పచ్చబడదు, ముళ్లకంప మాత్రం పెరుగుతుంది. 2022 ఏప్రిల్ 4న పాత జిల్లా అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విడిపోయింది. రెండింటిలోనూ ఎక్కువగా కనిపించేది పలుచటి ఎర్రనేల, దాని మీద గులకరాయి, కింద గ్రానైటు బండ. తాడిపత్రి, గుంతకల్లు, ఉరవకొండ వైపు నల్లరేగడి ఉంది. ఇలాంటి నేల మీద తిరిగే సైకిలుకు ఏ టైరు వేయాలి, ఏ బ్రేకు ఉండాలి, ఎన్ని పళ్ల ఫ్రీవీల్ బిగించాలి అన్న ప్రశ్నలకు జవాబు నేల నుంచి, ముల్లు నుంచి, గాలి నుంచి, మోయాల్సిన బరువు నుంచి రావాలి. దుకాణంలో వరసగా నిలబెట్టిన సైకిళ్ల రంగులూ స్టిక్కర్లూ ఆ జవాబు చెప్పలేవు.

కొండదారి సైకిలు పుట్టుకే ఇందుకు సాక్ష్యం. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, మారిన్ కౌంటీ కొండల్లో, 1970ల నడుమ కొందరు యువకులు 1930లు, 40ల నాటి ష్విన్ కంపెనీ పాత సైకిళ్లను ఏరి తెచ్చుకున్నారు. అవి లావు టైర్లున్న బరువైన బండ్లు. వాటికున్న మడ్‌గార్డులు, స్టాండు, లైటు, తళతళలాడే రేకులు అన్నీ ఊడదీసి పారేశారు. మోటారుసైకిలు బ్రేకు లివర్లు, డ్రమ్ము బ్రేకులు, గేర్లు తెచ్చి బిగించారు. 1976 అక్టోబరులో ఫెయిర్‌ఫాక్స్ దగ్గర కొండ దిగే పందెం మొదలుపెట్టారు. ఆ పందేనికి రీప్యాక్ అని పేరు వచ్చింది. దిగువకు వచ్చేసరికి వెనక హబ్బులోని బ్రేకు వేడెక్కి లోపలి గ్రీజు పొగలై పోయేది, ప్రతిసారీ విప్పి మళ్లీ గ్రీజు నింపాల్సి వచ్చేది. అందుకే ఆ పేరు. గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ, జో బ్రీజ్, టామ్ రిచీ ఆ గుంపులోని వాళ్లే. 1977లో జో బ్రీజ్ ఈ పనికోసమే కొత్త ఫ్రేము కట్టాడు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ పేరుతో ఇలాంటి సైకిలును పెద్ద ఎత్తున అమ్మడం మొదలుపెట్టింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఈ సైకిళ్ల పందెం పోటీ క్రీడ అయింది. అవసరం ముందు పుట్టింది, ఆకారం దాని వెనక వచ్చింది. తర్వాతి కాలంలో మార్కెట్టు ఈ వరసను తలకిందులు చేసింది. లావు ఫ్రేము, షాకర్లు, డిస్క్ బ్రేకులు ముందు కనిపించాలి, అవి పనిచేస్తాయా లేదా అన్నది తర్వాతి మాట అన్నట్టుగా చౌక సైకిళ్లు తయారయ్యాయి. అనంతపురం, ధర్మవరం, హిందూపురం దుకాణాల్లో పిల్లలు మనసు పడేవి ఎక్కువగా ఇవే.

ఈ సీమలో సైకిలుకు మొదటి శత్రువు పల్లేరు. నేలకు అంటుకుని పాకే చిన్న తీగ, పసుపు పచ్చని పూలు, వాన పడగానే బీడులోనూ బాట పక్కనా మొలుస్తుంది. కాయ ఎండాక ఐదు ముక్కలుగా విడిపోతుంది. ఒక్కో ముక్కకు రెండు పెద్ద ముళ్లు, రెండు చిన్న ముళ్లు ఉంటాయి. అది ఎటు తిరిగి పడినా ఒక ముల్లు పైకి లేచే ఉంటుంది. టైరు గట్ల మధ్య రబ్బరు పలచగా ఉండే చోట అది దిగి, లోపల ట్యూబును సూదిమొనంత మేర గుచ్చుతుంది. రంధ్రం చిన్నది కనుక గాలి వెంటనే పోదు. రాత్రి నిలబెట్టిన సైకిలు తెల్లారేసరికి చతికిలబడి కనిపిస్తుంది. తుమ్మ ముల్లు, సర్కారు కంప ముల్లు పొడవైనవి. వాటితో చిల్లి పెద్దది, నష్టం వెంటనే తెలుస్తుంది. పల్లేరు మాత్రం టైరులోనే విరిగి ఉండిపోయి, కొత్త ప్యాచ్ వేసినా మరుసటి రోజు పక్కనే ఇంకో చిల్లి పెడుతుంది. అందుకే ట్యూబు మళ్లీ ఎక్కించే ముందు టైరు లోపలి వైపంతా గుడ్డతోనో వేలితోనో నెమ్మదిగా తడిమి చూడడం పంక్చర్ పనిలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు. తొందరలో వదిలేసేదీ ఈ మెట్టునే.

పల్లేరును ఎదుర్కొనే ఉపాయాలు కొన్ని ఉన్నాయి. అన్నిటికన్నా చౌకది పాతది: పనికిరాని ట్యూబును పొడవునా చీల్చి, టైరుకూ ట్యూబుకూ మధ్య పట్టీలా పరవడం. చక్రం కొంచెం బరువెక్కుతుంది, తొక్కడానికి కొంచెం మొద్దుగా ఉంటుంది. అయినా రోజూ చేనికి పోయి వచ్చే మనిషికి ఆ బరువు సమ్మతమే. రెండోది గట్ల కింద అదనపు రబ్బరు పొర ఉన్న టైరు. మూడోది ట్యూబ్‌లెస్. ఇందులో ట్యూబు ఉండదు. గాలి చొరని పట్టీ అంటించిన రిమ్ముకు టైరు బిగుతుగా పట్టుకుంటుంది, లోపల రబ్బరు పాలతో చేసిన సీలెంట్ ద్రవం పోస్తారు. ముల్లు గుచ్చగానే గాలితో పాటు ద్రవం రంధ్రంలోకి వచ్చి గడ్డకట్టి మూసేస్తుంది. పల్లేరు తీగ అమెరికా పడమటి రాష్ట్రాలకూ పాకింది. అక్కడి సైకిళ్లవాళ్లు ట్యూబ్‌లెస్ వైపు మొగ్గడానికి అదొక కారణం. అయితే ఈ ద్రవం ఎండకు తొందరగా ఆరిపోతుంది. చల్లని దేశంలో ఆరు నెలలు పనిచేసేది ఇక్కడి వేసవిలో రెండు మూడు నెలలకే పొరలు పొరలుగా ఎండిపోవచ్చు. 29 అంగుళాల టైరుకు ఒక్కోదానికి సుమారు 100 మిల్లీలీటర్లు పోయాలి. క్రమం తప్పకుండా పోసుకునే స్తోమత, ఆ ద్రవం దొరికే చోటు రెండూ ఉన్నవాళ్లకే ట్యూబ్‌లెస్ మేలు. లేనివాళ్లకు అది అలంకారమే.

ఇక్కడ వాల్వు సంగతి చిన్నదిగా కనిపించినా నిజానికి పెద్దది. పల్లెల్లో నల్ల సైకిలుకు ఉండే వాల్వులో చిన్న రబ్బరు గొట్టం ఉంటుంది. ఎండకు ఆ రబ్బరు పగిలితే టైరు బాగున్నా గాలి నిలవదు, కానీ ఆ గొట్టం ముక్క ఏ సైకిలు షాపులోనైనా దొరుకుతుంది. మోటారుసైకిలుకు ఉండే రకం వాల్వు ఉంటే పెట్రోలు బంకులోనూ, హైవే పక్క పంక్చర్ షాపులోనూ గాలి పట్టించుకోవచ్చు. ఖరీదైన సైకిళ్లకు వచ్చే సన్నని ప్రెస్టా వాల్వుకు మాత్రం ప్రత్యేకమైన పంపు కావాలి, లేదా ఒక చిన్న ఇత్తడి అడాప్టరు ఎప్పుడూ దగ్గర ఉండాలి. కళ్యాణదుర్గం దాటి పది కిలోమీటర్లు లోపలికి పోయాక గాలి దిగిపోతే, చక్రం ఎంత మంచిదన్నది కాదు, దానికి గాలి ఎక్కుతుందా అన్నదే లెక్క.

టైరులో గాలి ఎంత ఉండాలన్నది చాలామంది బొటనవేలితో నొక్కి తేల్చేస్తారు. రాయిలా గట్టిగా ఉంటే మంచిదన్న నమ్మకం ఉంది. తారు రోడ్డుకు అది కొంతవరకు నిజం. గులకరాళ్ల మీద గట్టి టైరు ప్రతి రాయి మీదా ఎగిరి పడుతుంది. ఎగిరినప్పుడల్లా ముందుకు పోవాల్సిన శక్తి పైకి పోతుంది, నేల మీద పట్టు తప్పుతుంది. 2.2 అంగుళాల వెడల్పున్న టైరులో ట్యూబు ఉంటే 30 నుంచి 35 పౌండ్లు, ట్యూబ్‌లెస్ అయితే 20 నుంచి 28 పౌండ్లు సాధారణంగా సరిపోతుంది. మనిషి బరువును బట్టి మార్చుకోవాలి, వెనక చక్రానికి కొంచెం ఎక్కువ. మరీ తగ్గిస్తే రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ఇసుక నిండిన పెన్న, చిత్రావతి పాయల్లో దిగేటప్పుడు ఇంకొంచెం తగ్గించుకోవచ్చు. అక్కడ నాలుగు అంగుళాల లావు టైరు బాగా తేలుతుంది, నిజమే. కానీ ఇసుక ఎంత దూరం ఉంటుంది? మిగతా దారంతా గట్టి గరుసు నేల మీద ఆ బరువును ఈడ్చుకుపోవాలి. ఈ పీఠభూమికి 2.1 నుంచి 2.35 అంగుళాల మధ్య టైరు తగినది. రేగడి దారుల్లో వానాకాలం మరో షరతు ఉంది: టైరుకూ ఫోర్కుకూ మధ్య వేలెడు సందైనా ఉండాలి. లేకపోతే మట్టి ఉండలు కట్టి చక్రం తిరగనివ్వదు.

ఎండకు ట్యూబు పేలుతుందన్న భయం కూడా ఉంది. 27 డిగ్రీల దగ్గర 50 పౌండ్లు పట్టించిన టైరు ఎండలో 60 డిగ్రీలకు వేడెక్కితే లోపలి పీడనం 57 పౌండ్ల దాకా పెరుగుతుంది. మంచి టైరు ఆ ఏడు పౌండ్లను సులభంగా తట్టుకుంటుంది. పేలేది అప్పటికే అంచు చిరిగిన టైరు, లేదా వేడికి సొల్యూషన్ మెత్తబడి ప్యాచ్ జారిన ట్యూబు.

చక్రం కొలతల్లో అంగుళాల లెక్క గందరగోళం పుట్టిస్తుంది. నమ్మదగింది టైరు పక్కన అచ్చువేసిన మిల్లీమీటర్ల అంకె. 26 అంగుళాల రిమ్ముకు 559, 27.5కు 584, 29కి 622. పల్లెల్లో తరాలుగా తిరుగుతున్న 28 అంగుళాల నల్ల సైకిలు రిమ్ము 635, అంటే కొత్తగా గొప్పగా చెప్పుకునే 29 కన్నా 13 మిల్లీమీటర్లు పెద్దది. పెద్ద చక్రం గుంతలోకి తక్కువ దిగుతుంది, రాయిని తేలిగ్గా ఎక్కుతుంది. ఆ సైకిలు ముందు ఫోర్కు బాగా వాలి ఉంటుంది, వెనక చక్రానికి 40 పుల్లలు, ముందు చక్రానికి 32. బరువు వెనక పడుతుంది కనుక ఆ తేడా. ఇటీవలి కొండదారి సైకిళ్లు కూడా ఫోర్కును మళ్లీ వాల్చి, దాదాపు ఆ కోణానికే వచ్చాయి. 20 కిలోలకు పైబడిన ఆ నల్ల బండిని తయారుచేసినవాళ్లు చెడ్డ దారిని, బరువు మోతను ఎరిగి చేశారనడంలో సందేహం లేదు.

దాని లోపం గేరులో ఉంది. ముందు 44 పళ్లు, వెనక 18. పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి దాదాపు 5.45 మీటర్లు పోతుంది. చదును నేల మీద ఒంటరిగా పోయేవాళ్లకు ఇది చక్కని లెక్క. కానీ మనిషి, సైకిలు, వెనక శెనక్కాయల మూట కలిసి 120 కిలోలు ఉండి, నూరు మీటర్లకు ఐదు మీటర్లు లేచే మిట్ట ఎక్కాలంటే, ఒక్క ఎక్కుడుకే పెడల్ మీద సగటున 30 కిలోల బలం పడుతూ ఉండాలి. నేల రాపిడి దానికి అదనం. అందుకే అందరూ దిగి తోసుకుపోతారు. కొత్త కొండదారి సైకిళ్లలో ముందు 32 పళ్లు, వెనక అతి పెద్ద పళ్లచక్రం 51. ఒక చుట్టుకు 1.45 మీటర్లే పోతుంది. అదే మిట్టకు అదే బరువుతో 8 కిలోల బలం చాలు. వేగం తగ్గుతుంది, మోకాలు మిగులుతుంది. అంత ఖరీదు పెట్టలేని ఇంట్లో 18 పళ్ల ఫ్రీవీల్ తీసి 22 పళ్లది వేయించుకుంటే పెడల్ మీద భారం 18 శాతం తగ్గుతుంది. చైను రెండు లంకెలు పెంచాల్సి రావచ్చు, అంతే. సైకిలు మీద పెట్టే డబ్బులో ఇంత ఫలమిచ్చే మార్పు మరొకటి అరుదు. బయటికి కనబడదు కాబట్టి దీన్ని అడిగేవాళ్లు తక్కువ. 21 గేర్లు అని రాసిన చౌక సైకిలు సంగతి వేరు. గేర్ల సంఖ్య పెద్దదే, కానీ వాటిని మార్చే డెరైలర్ పలుచటి రేకుతో చేసింది అయితే దుమ్ముకు బిగుసుకుపోయి చివరికి ఒకే గేరులో నిలిచిపోతుంది. గట్టిగా చేసిన ఎనిమిది గేర్లు, వంగిపోయే 21 గేర్ల కన్నా ఎక్కువ దూరం తీసుకుపోతాయి.

మిట్టతో సమానంగా లెక్కించాల్సింది గాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి ఈ పీఠభూమిని ఊడ్చేస్తుంది. రామగిరి గుట్టల మీద గాలిమరలు నిలిచింది అందుకే. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతున్న సైకిలుకు 20 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే, శరీరాన్ని అడ్డుకునే గాలి బలం ఐదింతలు దాటుతుంది. ఎందుకంటే ఆ బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది. 800 మిల్లీమీటర్ల వెడల్పు హ్యాండిల్ ఏటవాలు కొండ దిగేటప్పుడు అదుపునిస్తుంది. ఇక్కడి బయలు నేలలో అది చేతులు చాచి గాలిని పట్టడమే. 700కు లోపు ఉంటే చాలు, భుజాల వెడల్పును బట్టి ఇంకా తగ్గించవచ్చు.

డబుల్ షాకర్ సైకిలు గురించి నిక్కచ్చిగా చెప్పుకోవాలి. మంచి షాకరులో రెండు పనులు జరుగుతాయి: స్ప్రింగు అదురును మింగుతుంది, నూనెతో పనిచేసే భాగం ఆ స్ప్రింగు తిరిగి ఎగరకుండా అదుపు చేస్తుంది. చౌక షాకరులో రెండో భాగం ఉండదు. పెడల్ నొక్కినప్పుడల్లా బండి కిందికీ పైకీ ఊగుతూ, ముందుకు పోవాల్సిన బలాన్ని స్ప్రింగు తినేస్తుంది. బరువు రెండు మూడు కిలోలు పెరుగుతుంది. కీళ్లలోకి ఎర్రదుమ్ము చేరి ఏడాది తిరిగేసరికి లొడలొడలాడుతుంది. వెనక క్యారియరు బిగించడానికి చోటుండదు. ఇక్కడి ఇళ్లలో సైకిలు మీద నీళ్ల బిందెలు, పాల క్యాన్లు, గడ్డిమోపు రావాలి కనుక ఇది చిన్న లోపం కాదు. అదే ఖరీదుకు షాకర్లు లేని, మంచి రిమ్ములు, మంచి టైర్లు ఉన్న గట్టి ఫ్రేము దొరుకుతుంది. తక్కువ గాలి ఉన్న వెడల్పాటి టైరే మొదటి షాకరు. నిజమైన షాకరు కొనగలిగినవాళ్లు కూడా దాన్ని తమ బరువుకు సరిచూసుకోవాలి. ఎక్కి కూర్చోగానే ముందు ఫోర్కు తన మొత్తం కదలికలో ఐదో వంతు దిగితే అది సరిపడినట్టు. అసలు దిగకపోతే ఉన్నా లేనట్టే.

బ్రేకుల విషయంలో అలవాటు ఒకటి చెబుతుంది, అవసరం మరొకటి చెబుతుంది. కడ్డీ బ్రేకులు, క్రోమ్ రిమ్ములు తడిసినప్పుడు పట్టు చాలా తగ్గుతుంది. వాన తక్కువే అయినా, ఆ పడిన రోజే ప్రమాదం. అల్యూమినియం రిమ్ము, రబ్బరు దిమ్మలున్న వి-బ్రేకు ఈ నేలకు చాలినంత బ్రేకు. దిమ్మల్లో ఇరుక్కున్న గులకను అప్పుడప్పుడు గిల్లి తీస్తే రిమ్ము అరగదు. పెనుకొండ, మడకశిర గుట్టల్లో పొడవైన దిగుళ్లు దిగేవాళ్లకు డిస్కు మేలు. అందులోనూ తీగతో లాగేదీ, నూనెతో నడిచేదీ అని రెండు రకాలు. నూనెది మెత్తగా, బలంగా పట్టుకుంటుంది. కానీ ఒక కంపెనీ బ్రేకులో మినరల్ ఆయిల్ పోయాలి, మరొకదానిలో కార్లకు వాడే డాట్ ద్రవం పోయాలి. ఒకదాని బదులు మరొకటి పోస్తే లోపలి రబ్బరు వాషర్లు పాడవుతాయి. తీగది తెగితే మండల కేంద్రంలో ఏ షాపులోనైనా కొత్త తీగ వేస్తారు.

సీటు ఎత్తు ఖర్చు లేని సర్దుబాటు. పెడల్ అడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా చాచుకోవాలి. పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. కాళ్లు రెండూ నేలకు ఆనాలని సీటు బాగా దించేస్తే మోకాలి మీద ఒత్తిడి పెరుగుతుంది, బలం వృథా అవుతుంది. ఎదిగే పిల్ల కదా అని పెద్ద సైకిలు కొనడం మరో తప్పు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడికొస్తా పథకం కింద ఉన్నత పాఠశాలల ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చింది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురంలో ప్రారంభించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు కూడా పల్లెల ఆడపిల్లలకు సైకిళ్లు అందించింది. ఇలా వచ్చిన సైకిలు ఇంట్లో ఉదయం బడికి, సాయంత్రం తల్లి చేతుల్లో అంగడికి పోతుంది. ఒక్క సీటు ఎత్తు ఇద్దరికీ కుదరదు. సీటు గొట్టానికి చేత్తో తిప్పే బిగింపు వేయించి, ఇద్దరి ఎత్తులకూ రంగుతో రెండు గీతలు పెడితే ఆ చిక్కు తీరుతుంది. చున్నీ, లంగా చక్రంలో చిక్కుకోకుండా పూర్తి చైను కవరు, వెనక చక్రానికి జాలీ ఉండాలి. స్పోర్ట్స్ సైకిలులా కనిపించాలని వీటిని ఊడదీయడం ప్రాణం మీదకు తెస్తుంది.

బరువు కట్టే పద్ధతి కూడా అమరికలో భాగమే. నీళ్ల బిందెలు క్యారియరు పైన ఒకదాని మీద ఒకటి కన్నా, కొక్కేలతో రెండు పక్కలా ఇరుసు ఎత్తులో వేలాడితే బండి తూలదు. దూరప్రయాణం చేసేవాళ్లు ఫ్రేముకు రెండు సీసాల చట్రాలు బిగించుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటిన ఎండలో ఊరికీ ఊరికీ మధ్య తాగునీరు దొరకని దారులు ఇక్కడ చాలా ఉన్నాయి.

చివరిగా చైను. దీనికి వాడేసిన ఇంజిన్ ఆయిల్ రాయడం ఎక్కువగా కనిపిస్తుంది. జిడ్డుకు ఎర్రదుమ్ము అంటుకుని, ఆ రెండూ కలిసి ఉప్పుకాగితంలా లోపలి పిన్నులను అరగదీస్తాయి. ఈ నేలకు మైనపు ఆధారంగా చేసిన పొడి లూబ్రికెంట్ మంచిది. అది దొరకనప్పుడు పలుచటి నూనె ఒక్కో లంకెకు ఒక్కో బొట్టు వేసి, పది నిమిషాలాగి బయటి జిడ్డంతా గుడ్డతో తుడిచేయాలి. నూనె ఉండాల్సింది లంకె లోపల, పైన కాదు. అరుగుదల కొలవడానికి స్కేలు చాలు. కొత్త చైనులో 12 పూర్తి లంకెల జతలు, అంటే 24 పిన్నుల దూరం, కచ్చితంగా 12 అంగుళాలు. అది అంగుళంలో పదహారో వంతు సాగితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాకా ఆగితే అరిగిన చైను ఫ్రీవీల్ పళ్లను కూడా తనలాగే అరగదీసి ఉంటుంది, అప్పుడు రెండూ కలిపి కొనాలి.